గవ్వలు లేని వైకుంఠపాళి: ‘గెటింగ్ ఓవర్ ఇట్’లో మౌస్ ఏం చేస్తుంది?

మౌస్‌ని కిందికి లాగితే మనిషి పైకి లేస్తాడు. ఎడమకి తోస్తే కుడికి వెళతాడు. అరక్షణం తర్వాత అదే మౌస్‌ని మళ్ళీ ఎడమకి తోస్తే ఈసారి మనిషి కదలడు, అతని చేతిలో ఉన్న సమ్మెట మాత్రం ఎడమకి ఊగుతుంది. ‘గెటింగ్ ఓవర్ ఇట్ విత్ బెనెట్ ఫాడీ’ అనే ఆట మొదలుపెట్టిన ప్రతివాళ్ళకీ మొదటి పది నిమిషాల్లో ఎదురయ్యే గందరగోళం ఇది. చాలామంది అక్కడే ‘దీని కంట్రోల్స్ బాలేవు’ అని తేల్చేసి మూసేస్తారు.

ఆ మాట నేను ఒప్పుకోలేను. నేను ఆడినవాటిలో చేతికీ తెరమీది బొమ్మకీ మధ్య ఇంత తక్కువ దూరం ఉన్న ఆట ఇంకొకటి లేదు. కష్టంగా ఉందన్న మాట నిజమే. కానీ ఆ కష్టం ఎక్కడినుంచి పుడుతోందో ఒక్కొక్క పోగూ విడదీసి చూస్తే, కంట్రోల్ బాగోకపోవడం దానికి కారణం కాదని తెలుస్తుంది.

ముందు ఆట సంగతి. ఒక మనిషి నడుం వరకు నల్లటి ఇనప గంగాళంలో ఉంటాడు. కాళ్ళు కనపడవు. చేతిలో పొడుగాటి పిడి ఉన్న సమ్మెట. ఎదురుగా కొండ. కొండంటే రాళ్ళొక్కటే కాదు, పైపులు, సోఫాలు, కుర్చీలు, నారింజ పళ్ళు, ఒక దాగలి, ఒక చర్చి, ఒక బకెట్, ఆపైన మంచు. అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. పై వరకు ఎక్కాలి, అంతే. కీబోర్డు అక్కర్లేదు, మౌస్‌ని క్లిక్ చేయడం కూడా అక్కర్లేదు, ఊరికే కదిపితే చాలు. 2017 అక్టోబర్‌లో, నెలనెలా చందాదారులకి ఆటలు పంపే ‘హంబుల్ మంత్లీ’ చందాదారులకి మొదట వచ్చింది. డిసెంబర్ 6న కంప్యూటర్ ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లోకి, అదే నెలలో ఐఫోన్‌కి, 2018లో ఆండ్రాయిడ్‌కి వచ్చింది. ఆ ఏడాదే ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో కొత్త పోకడలకి ఇచ్చే నువోవో అవార్డు దీనికే దక్కింది.

గంగాళంలో మనిషి పేరు డయోజెనీస్. ఆ పేరు క్రీస్తుపూర్వం 4వ శతాబ్దపు గ్రీకు తత్త్వవేత్తది. ఆస్తిపాస్తులు అక్కర్లేదని ఒక పెద్ద జాడీలో కాపురం పెట్టాడని చెప్పుకుంటారు. ఇంగ్లీషులో దాన్ని పీపా అని రాయడం అలవాటైపోయింది గానీ, గ్రీకుల ‘పిథోస్’ అంటే నూనె, ధాన్యం, ద్రాక్షసారా దాచుకునే మట్టి బాన. మన పెద్దల ఇళ్ళల్లో మనిషి దాక్కునేంత బానలు ఉండేవి కదా, అలాంటిది. ఆటలోకి వచ్చేసరికి అది ఇనప గంగాళమైంది. ఇలాంటి మనిషిని హీరోగా పెట్టడం ఈ ఆట తయారుచేసిన బెనెట్ ఫాడీకే చెల్లింది. అతను ఆస్ట్రేలియావాడు, తత్త్వశాస్త్రంలో డాక్టరేట్ చేసినవాడు. ప్రిన్స్‌టన్, ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీల్లో వ్యసనం గురించి పరిశోధన చేసి, ఆ తర్వాత న్యూయార్క్ యూనివర్సిటీ గేమ్ సెంటర్‌లో పాఠాలు చెప్పాడు. అంతకుముందు కట్ కాపీ అనే బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించాడు. వేళ్ళతో ఒక వాయిద్యాన్ని మొదటినుంచి నేర్చుకున్న మనిషి ఈ ఆట చేశాడన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది. ఎందుకో కింద తెలుస్తుంది.

బటన్ లోపల దాగిన పని

సూపర్ మారియో బ్రదర్స్ 1985లో వచ్చింది. అందులో ఒక బటన్ నొక్కితే మారియో గెంతుతాడు. కాస్త ఎక్కువసేపు నొక్కి ఉంచితే కాస్త ఎక్కువ ఎత్తు గెంతుతాడు. మోకాళ్ళు వంచడం, నేలని తన్నడం, చేతులు విసరడం, బరువు ముందుకి వేయడం, ఇవన్నీ మన తరఫున ఆట చేసిపెడుతుంది. ‘గెంతు’ అన్న మాట మనం చెబుతాం, గెంతడం ఆట చేస్తుంది. ఇలా గెంతుతూ అడ్డంకులు దాటే ‘ప్లాట్‌ఫామ్’ ఆటలన్నీ దాదాపు ఈ ఒప్పందం మీదే నడుస్తాయి.

తర్వాతి కాలంలో ఆ ఒప్పందం ఆడేవాళ్ళవైపు మరింత మొగ్గింది. అంచు దాటి గాల్లోకి వెళ్ళిపోయాక కూడా కన్ను మూసి తెరిచేంతసేపు గెంతనిచ్చే ఏర్పాటు ఒకటుంది. ఆటలు చేసేవాళ్ళు దాన్ని ‘కయోటీ టైమ్’ అంటారు. కార్టూన్‌లో కొండ అంచు దాటి పరుగెత్తి, కిందికి చూసేదాకా పడని నక్కలాంటి జంతువు ఉంటుంది కదా, ఆ పేరు అక్కడిదే. అలాగే నేలకి తాకడానికి రవ్వంత ముందే బటన్ నొక్కేసినా, ఆట దాన్ని గుర్తుపెట్టుకుని తాకగానే గెంతిస్తుంది. 2018 జనవరిలో మాడీ థోర్సన్, నోయెల్ బెర్రీల బృందం విడుదల చేసిన ‘సెలెస్ట్’లో ఇలాంటి మన్నింపులు బోలెడు. అదీ కొండ ఎక్కే ఆటే, అదీ కష్టమైనదే. కానీ పొరపాటు చేస్తే అదే తెర మీద రెప్పపాటులో మళ్ళీ నిలబెడుతుంది. మన వేలు కాస్త ఆలస్యమైనా మన ఉద్దేశం చూసి దారి ఇస్తుంది. నాకు చాలా ఇష్టమైన ఆట అది.

రెండు నెలల తేడాతో జనం చేతుల్లోకి వచ్చిన ఈ రెండు కొండలనీ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. సెలెస్ట్ మన ఉద్దేశాన్ని చూస్తుంది. గెటింగ్ ఓవర్ ఇట్ మన చెయ్యి ఏం చేసిందో దాన్నే చూస్తుంది. మధ్యలో సర్దిపెట్టేవాళ్ళు ఎవరూ లేరు. బటన్ దాచిపెట్టిన పనంతా తిరిగి మన మణికట్టు మీదికి వస్తుంది.

సమ్మెట, గడ, గంగాళం

ఇప్పుడు అసలు చిక్కు. మౌస్ నడిపేది మనిషినని అనుకుంటాం. అది నడిపేది మనిషిని కాదు, సమ్మెట తల ఎక్కడికి వెళ్ళాలో చెప్పే ఒక గురిని. మనిషి చేతులు ఆ గురివైపు సమ్మెటని తోస్తూనే ఉంటాయి, పిడి అందినంత మేర. సమ్మెట గాల్లో ఖాళీగా ఉంటే అది గురి దగ్గరికి వచ్చేస్తుంది, గంగాళం కూర్చున్నచోటే ఉంటుంది. సమ్మెట రాయికో పైపుకో అడ్డుపడిందనుకోండి, అది ముందుకి వెళ్ళలేదు. కానీ చేతులు తోయడం ఆపవు. ఆ తోపు ఎక్కడికో పోవాలి. సమ్మెట కదలదు కాబట్టి గంగాళం కదులుతుంది, అదీ వ్యతిరేక దిశలో. న్యూటన్ మూడో నియమం, తొమ్మిదో తరగతి పాఠం.

గోదావరి లంకల్లో లోతు తక్కువ ఉన్నచోట గడతో పడవ నడపడం చూసినవాళ్ళకి ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది. గడని ఇసకలో దించి వెనక్కి తోస్తే పడవ ముందుకి పోతుంది. అదే గడని నీళ్ళలోంచి ఎత్తి పట్టుకుని ఎటు తిప్పినా పడవ ఎటూ పోదు. ఆటలో మన మౌస్ ఆ గడ. రాయికి ఆనినప్పుడు ఒక లెక్క, ఆననప్పుడు ఇంకో లెక్క.

అంటే మౌస్‌కీ మనిషికీ మధ్య ఉన్నది ఒక నియమం కాదు, రెండు. సమ్మెట గాల్లో ఉంటే మౌస్ ఎటు వెళితే సమ్మెట అటు. సమ్మెట ఆనితే మౌస్ ఎటు వెళితే మనిషి దానికి ఎదురు. మొదటి గంటలో మెదడు తికమకపడేది సరిగ్గా ఇక్కడే. నియమం ఎప్పుడు మారిందో తెరమీద ఎక్కడా రాసి ఉండదు. సమ్మెట తల రాయికి తగిలిన ఆ క్షణమే గుర్తు. కాస్త అనుభవం వచ్చాక కళ్ళకన్నా చెవులు ముందు పట్టుకుంటాయి, ఇనుము రాయిని తాకిన చప్పుడుని.

కదలికలు చూడబోతే ఎన్నో లేవు. పైనున్న అంచుకి సమ్మెట తగిలించి మౌస్ కిందికి లాగితే గంగాళం పైకి లేస్తుంది, బావిలోంచి చేద లాగినట్టు. నేలమీద సమ్మెట ఆనించి మౌస్ కిందికి తోసినా గంగాళం పైకే లేస్తుంది. మెల్లగా తోస్తే మెల్లగా లేచి సమ్మెట మీద నిలుచుంటుంది. అంతే దూరం ఒక్క విసురులో తోస్తే గాల్లోకి ఎగురుతుంది. చెయ్యి ఎంత దూరం కదిలిందన్నది ఒక్కటే సరిపోదు, ఎంత వేగంగా కదిలిందో అదీ కలుస్తుంది. బటన్‌కి ఈ సంగతి తెలియదు. దానికి ఉన్నవి రెండే స్థితులు, నొక్కడం, వదలడం. మౌస్‌కి ఉన్న స్థితులు లెక్కపెట్టలేం.

ఇక మూడోది, అందరికీ చెమటలు పట్టించేది: ఎగిరి, గాల్లో ఉండగానే సమ్మెటని తిప్పి ఇంకో అంచుకి తగిలించడం. దీనికి పట్టే అర సెకనులో ఏం జరుగుతోందో చూడండి. నేలని తన్నేటప్పుడు ఎదురు నియమం నడుస్తోంది. సమ్మెట నేల వదిలిన మరుక్షణం సూటి నియమం. అంచుకి తగలగానే మళ్ళీ ఎదురు నియమం. నియమం రెండుసార్లు తిరగబడింది, మన మణికట్టు రెండుసార్లూ దాంతోపాటు తిరగాలి. ఒక్కసారి వెనకబడితే, పట్టుకోవాల్సిన అంచుని మనమే తన్నేస్తాం. ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే కిందికి పడిపోయే వీడియోల్లో చాలావాటిని నెమ్మదిగా తిప్పి చూస్తే తప్పు జరిగింది ఇదే.

దీనికి తోడు సమ్మెట దేనికీ అతుక్కోదు. కొక్కెం లేదు, జిగురు లేదు. అంచు ఆకారం, రాపిడి, ఈ రెండే పట్టు. వాలుగా ఉన్న రాయి మీద తల జారుతుంది. గంగాళమూ జారుతుంది. కాబట్టి కొండమీద ప్రతి వస్తువునీ ‘దీని మీద నిలవొచ్చా’ అని కాకుండా ‘దీని ఏ మూల సమ్మెటకి దొరుకుతుంది’ అని చూడడం మొదలవుతుంది. నెల రోజులు ఆడాక బయట మేడల సన్‌షేడ్‌లని, ఫ్లైఓవర్ అంచులని కూడా అలాగే చూడడం మొదలుపెట్టాను.

వింత కంట్రోల్ అనగానే జనానికి గుర్తొచ్చే ఆటలు వేరే కొన్ని ఉన్నాయి. 2013లో వచ్చిన సర్జన్ సిమ్యులేటర్‌లో ఒక చేతి వేళ్ళని ఒక్కొక్కటిగా కదిలించి ఆపరేషన్ చేయాలి. 2014 నాటి ‘ఆక్టోడాడ్: డాడ్లియెస్ట్ క్యాచ్’లో ఒక ఆక్టోపస్ సూటు వేసుకుని సంసారి మనిషిలా నడవాలి. వాటిలో చెయ్యి తడబడడమే వినోదం, కప్పులు పగలడమే నవ్వు. నేర్చుకుని పండితుడు కావడం వాటికి ముఖ్యం కాదు. గెటింగ్ ఓవర్ ఇట్ దారి దానికి పూర్తిగా వేరు. శత్రువులు లేరు, టైమ్ అయిపోవడం లేదు, ప్రాణాల లెక్క లేదు. నిన్న ఉన్న రాయి ఇవాళ అక్కడే ఉంటుంది. నేర్చుకున్నకొద్దీ లొంగుతుంది. అందుకే దీన్ని వింత కంట్రోల్ ఆటల మధ్య కన్నా వాయిద్యాల మధ్య పెట్టడం న్యాయమని నాకనిపిస్తుంది. వీణకి మెట్లుంటాయి, వయొలిన్‌కి ఉండవు. మొదటి ఏడాది వయొలిన్ కీచుమంటుంది. తప్పు వయొలిన్‌ది అని ఎవరూ అనరు.

క్వాప్ నుంచి కొండ దాకా

ఫాడీ ఈ ఆలోచన దగ్గరికి ఒక్కసారిగా రాలేదు. 2008లో ‘క్వాప్’ అనే చిన్న బ్రౌజర్ ఆట పెట్టాడు. వంద మీటర్ల పరుగు, నాలుగే కీలు. క్యూ, డబ్ల్యూ తొడలని కదుపుతాయి, ఓ, పి పిక్కలని కదుపుతాయి. ఆ నాలుగు అక్షరాలే ఆట పేరు, పరుగెత్తేవాడి పేరు కూడా. మనం ఆలోచించకుండా చేసే నడకని నాలుగు ముక్కలు చేసి చేతికిస్తే ఏమవుతుందో అందులో తెలుస్తుంది. మొదటి అడుగుకే వెనక్కి విరుచుకుపడతాడు. 2010 చివర్లో అది ఇంటర్నెట్ అంతా పాకింది. పడడం చూసి నవ్వుకోవడానికే చాలామంది ఆడారు. ఓపిక పట్టినవాళ్ళు ఒక మోకాలు నేలకి ఆనించి ఈడ్చుకుంటూ వంద మీటర్లూ పూర్తిచేశారు, ఇంకా ఓపిక పట్టినవాళ్ళు నిజంగా పరుగెత్తించారు.

2011లో ‘గిర్ప్’. కొండకి ఉన్న ఒక్కొక్క పట్టుకీ ఒక అక్షరం రాసి ఉంటుంది. ఆ కీ నొక్కి పట్టుకుంటేనే చెయ్యి ఆ పట్టుని వదలదు. పైకి వెళ్ళేకొద్దీ మన వేళ్ళు కీబోర్డు మీద ఒకదాన్నొకటి దాటుకుంటూ మెలికపడతాయి. తెరమీద కొండ ఎక్కేవాడి చేతుల బిగువు మన వేళ్ళలో నిజంగా తెలుస్తుంది.

సమ్మెట మాత్రం ఫాడీ కనిపెట్టింది కాదు. 2002లో జాజువో అనే పేరుతో ఆటలు చేసే చెక్ దేశస్థుడు ‘సెక్సీ హైకింగ్’ అని ఒకటి చేశాడు. బొమ్మలు మోటుగా ఉంటాయి. మౌస్‌తో సుత్తి తిప్పుతూ కొండలెక్కడం అందులోదే. ఫాడీ తన ఆటని అతనికే అంకితమిచ్చాడు. ఆడుతుంటే వినిపించే మాటల్లో ఆ పాత ఆట గురించి వివరంగా, గౌరవంగా చెబుతాడు. ఎవరికీ పట్టని, చవకబారు అని జనం పక్కన పడేసిన వస్తువులో ఒక మంచి ఊహ ఉందని గుర్తించి, పేరు చెప్పి మరీ దాన్ని ముందుకి తీసుకెళ్ళడం నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చిన విషయం. కొండని పారేసిన వస్తువుల గుట్టలా పేర్చడం కూడా ఆ ఆలోచనలో భాగమే. ఇంటర్నెట్‌లో చూసి పారేసే బొమ్మలు, ఆటలు, వీడియోల గురించి అతను మాట్లాడుతూ ఉంటే మనం సోఫాల మీద, నారింజ పళ్ళ మీద ఎక్కుతూ ఉంటాం.

పాము

ఇక పడడం గురించి. దీనికి మనవాళ్ళకి ఇంగ్లీషు మాట ఏదీ అక్కర్లేదు, వైకుంఠపాళి ఉంది. నిచ్చెనలు, పాములు, పై వరసలో నోరు తెరుచుకుని ఉండే పెద్ద పాము. దాదాపు గెలిచినవాడు ఒక్క గవ్వల పందెంతో అడుగుకి జారడం చిన్నప్పుడు అందరం చూసినదే. గెటింగ్ ఓవర్ ఇట్ కొండ పైభాగంలో కూడా ఒక పాము ఉంది. నిజంగానే పాము. దాని మీదికి ఎక్కొద్దని బోర్డు కూడా ఉంది. ఎక్కితే కొండ మొదటికి జారిపోతాం.

అయితే ఒక్క తేడా ఉంది, అది చాలా పెద్దది. వైకుంఠపాళిలో మనల్ని పాము నోట్లోకి పంపేది గవ్వలు. ఇక్కడ గవ్వలు లేవు. మన చెయ్యే పంపుతుంది. అందుకే ఇక్కడ పడినప్పుడు వచ్చే కోపానికి ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. గవ్వలని తిట్టుకోలేం, ఎదుటివాళ్ళని తిట్టుకోలేం.

చెక్‌పాయింట్లు, అంటే పడ్డా మళ్ళీ అక్కడినుంచే మొదలుపెట్టనిచ్చే నడిమి మజిలీలు, లేవని అందరూ అంటారు. సూటిగా చెప్పాలంటే ఈ ఆట సేవ్ చేయకపోవడం కాదు, ఎప్పటికప్పుడు సేవ్ చేస్తూనే ఉంటుంది. మనం ఎక్కడ ఉన్నామో అక్కడ. పడ్డచోటు కూడా అలాగే సేవ్ అవుతుంది. కంప్యూటర్ ఆపేసి మళ్ళీ తెరిచినా పడ్డచోటే ఉంటాం. పాత సేవ్‌కి తిరిగివెళ్ళే దారి ఫాడీ మూసేశాడు, అదీ సంగతి. కొండ ఆకారం కూడా అందుకు తగ్గట్టే ఉంది. కొన్నిచోట్ల పడితే ఒక మెట్టు కిందే ఆగుతాం. నారింజ పళ్ళ దగ్గర, ఆడేవాళ్ళు దాన్ని ‘ఆరెంజ్ హెల్’ అంటారు, చెయ్యి జారితే గంటల కష్టం ఒక్క ఊపున పోయి అడుగుకి చేరవచ్చు. పడడం ఎంత కష్టపెట్టాలో ఫాడీ కొండని వంచి మరీ కొలిచిపెట్టాడు.

పడినప్పుడు అతని గొంతు వినిపిస్తుంది. ఎవరో కవి మాటో, ఎవరో తత్త్వవేత్త మాటో నెమ్మదిగా చదువుతాడు, ఒక్కోసారి పాత పాట వేస్తాడు. ఎగతాళి చేస్తున్నాడని చాలామంది మండిపడతారు. నాకు మాత్రం మొదటిరోజు ఆ గొంతు తోడుగానే ఉంది, పక్కన ఎవరో కూర్చుని చూస్తున్నట్టు. కొన్ని రోజులు పోయాక ఆ మాటలు ఎక్కువయ్యాయనిపించింది. చెయ్యి పనిలో పడ్డాక మనసుకి మాటలు అక్కర్లేదు.

ఏది పోతుంది, ఏది మిగులుతుంది

మా అక్క కొడుకు ఒక వేసవి సెలవుల్లో ఈ ఆటని ఫోన్‌లో ఆడేవాడు, కరీంనగర్‌లో, పైకప్పు ఫ్యాను కింద నేలమీద పడుకుని. ఫోన్‌లో మౌస్ ఉండదు, వేలితో గీయాలి. రెండు సాయంత్రాలు కష్టపడి సోఫాలు, కుర్చీలు ఉన్న చోటు దాకా వెళ్ళాడు. మూడోరోజు రాత్రి అక్కడినుంచి అడుగుకి పడ్డాడు. ఫోన్ బోర్లా పెట్టేసి అన్నం కూడా సరిగ్గా తినలేదు. ‘రెండ్రోజులు వేస్ట్ మామా’ అన్నాడు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ తీశాడు. నేను పక్కనే కూర్చుని చూశాను. అదే చోటికి చేరడానికి పావుగంట కూడా పట్టలేదు. వాడే ఆగిపోయి, తన వేలివైపు ఒకసారి చూసుకున్నాడు.

ఇది ఆ పిల్లాడి గొప్ప ఒక్కటే కాదు, మనిషి శరీరం నేర్చుకునే తీరే అది. అమెరికాలో 1953లో మూర్ఛ తగ్గించడానికి ఒక యువకుడికి మెదడు ఆపరేషన్ చేశారు. శాస్త్ర పుస్తకాల్లో అతన్ని చాలాకాలం హెచ్.ఎం. అని మాత్రమే రాశారు. మూర్ఛలు తగ్గాయి గానీ కొత్త జ్ఞాపకాలు నిలవడం పోయింది. ఉదయం కలిసిన మనిషిని మధ్యాహ్నానికి గుర్తుపట్టలేడు. బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అతనికి ఒక పరీక్ష పెట్టింది. కాగితం మీద నక్షత్రం బొమ్మ ఉంటుంది. దాని గీతల మధ్య పెన్సిల్‌తో గీయాలి, కానీ కాగితాన్నీ చేతినీ అద్దంలో మాత్రమే చూడాలి. అద్దంలో దిశ తిరగబడుతుంది కాబట్టి చెయ్యి ఎదురుగా పోతుంది. మొదటిరోజు ఎవరికైనా గీత వంకరలు పోతుంది, అతనికీ పోయింది. మూడు రోజుల్లో అతను చక్కగా గీయడం నేర్చుకున్నాడు. కానీ మూడోరోజున కూడా ఆ పని ముందెప్పుడూ చేసినట్టు అతనికి జ్ఞాపకం లేదు. 1962లో మిల్నర్ ఈ ఫలితాన్ని ప్రచురించింది. జరిగిన సంగతుల జ్ఞాపకం, చేతి నేర్పు, ఈ రెండూ మెదడులో వేర్వేరు దారుల్లో నిలుస్తాయని బలంగా చూపించిన పరీక్షల్లో ఇదొకటి.

ఎదురు దిశకి చెయ్యి ఎంత త్వరగా అలవాటుపడుతుందో అంతకు చాలా ముందే తెలుసు. 1890లలో జార్జ్ స్ట్రాటన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త లోకమంతా తలకిందులుగా కనిపించే కటకాలు పెట్టుకుని రోజుల తరబడి గడిపాడు. మొదట గ్లాసు అందుకోవడానికి కూడా తడుముకునే స్థితి. రోజులు గడిచేకొద్దీ చేతులు ఆలోచన అడగకుండానే సరైన చోటికి వెళ్ళడం మొదలుపెట్టాయి.

గెటింగ్ ఓవర్ ఇట్‌ని ఈ వెలుగులో చూడండి. కిందపడినప్పుడు ఆట మన దగ్గరనుంచి తీసుకునేది కొండమీద మనం ఉన్న చోటుని. చేతిలో చేరిన నేర్పుని తీసుకునే దారి దానికి లేదు. మామూలు ఆటల్లో దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. కత్తి పదును, ప్రాణాల సంఖ్య, అనుభవం పాయింట్లు అన్నీ ఆట ఫైల్లో భద్రంగా ఉంటాయి, మనం ఏడాది తర్వాత వచ్చినా మనకి రానిది కూడా మన హీరోకి వస్తుంది. ఇక్కడ గంగాళంలో మనిషి మొదటి నిమిషంలో ఎంత బలంగా ఉన్నాడో ఆఖరి నిమిషంలోనూ అంతే. ఎదిగేది ఏదైనా ఉంటే అది తెరకి ఇవతలే ఉంది. మధ్యలో బటన్ సర్దుబాట్లు పెట్టి ఉంటే ఆ నేర్పులో సగం ఆటదే అయ్యేది. కంట్రోల్ ఇంత సూటిగా ఉండడం, సేవ్‌కి వెనక్కి వెళ్ళనివ్వకపోవడం రెండు వేర్వేరు క్రూరత్వాలని విడివిడిగా తిట్టుకుంటారు చాలామంది. నా లెక్కలో అవి ఒకే నిర్ణయం. ఒకటి లేకపోతే రెండోది అన్యాయమయ్యేది.

దీనికి రుజువు వేగంగా ఆడేవాళ్ళే. మొదటిసారి కొండ దాటడానికి చాలామందికి ఎన్నో గంటలు పడుతుంది. ఆరితేరినవాళ్ళు అదే కొండని అదే సమ్మెటతో రెండు నిమిషాల లోపే దాటేస్తారు. వాళ్ళకి అదనపు బలం ఏదీ ఆట ఇవ్వలేదు. యాభైసార్లు పూర్తిచేస్తే గంగాళం బంగారు రంగుకి మారుతుంది, అది చూసుకోవడానికే తప్ప ఎక్కడానికి సాయపడదు. వాళ్ళ ఆట చూస్తుంటే సమ్మెట ఒక అంచునుంచి ఇంకో అంచుకి నీళ్ళలా జారుతుంది, నియమం తిరగబడే క్షణాలు కంటికి ఆనవు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి రెండు మాటలు. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌తో ఆడకండి, వేలు అంచుకి వచ్చి ఎత్తాల్సి వచ్చిన ప్రతిసారీ పట్టు పోతుంది. మామూలు మౌస్, కింద కాస్త వెడల్పు చోటు ఉంటే చాలు. సెట్టింగ్స్‌లో మౌస్ సున్నితత్వం మీ చేతికి సరిపోయేలా మొదట్లోనే పెట్టుకుని ఆ తర్వాత దాన్ని ముట్టుకోకండి. మార్చిన ప్రతిసారీ చెయ్యి నేర్చుకున్నది కొంత తిరిగి నేర్చుకోవాలి. టెన్షన్‌లో మౌస్‌ని బిగించి పట్టుకుంటాం, అప్పుడు మణికట్టు తిరగదు. కోపమొస్తే ఆపి పడుకోండి. నిద్రపోయి లేచాక చేతి నేర్పు కుదురుకుంటుందని శాస్త్రవేత్తలు చెప్పేది మా అక్క ఇంట్లో నేను కళ్ళారా చూశాను.

ఫాడీ ఇదే దారిలో ఇంకా ముందుకి వెళ్ళాడు. 2025 సెప్టెంబర్‌లో గేబ్ కుజిల్లో, మ్యాక్సీ బాక్‌లతో కలిసి ‘బేబీ స్టెప్స్’ విడుదల చేశాడు. అందులో కొండ ఎక్కే మనిషికి కాళ్ళున్నాయి. ఒక్కొక్క కాలినీ మనమే ఎత్తాలి, ఎక్కడ పెట్టాలో మనమే చూపాలి. క్వాప్‌లో ముక్కలు చేసిన నడకని పదిహేడేళ్ళ తర్వాత ఒక పెద్ద లోకంలో పెట్టినట్టుంటుంది. అదీ బాగుంటుంది. అయినా నా చెయ్యి వెళ్ళేది గంగాళం దగ్గరికే.

దాని ఆఖరి భాగం చెప్పి ఆపుతాను. మంచు దాటాక ఒక ఎత్తైన టవర్ ఉంటుంది, ఇనప కమ్మీలతో. అప్పటికి మెలికలన్నీ అయిపోయి ఉంటాయి, ఒక్కో కమ్మీకీ సమ్మెట తగిలించి లాగడమే. టవర్ కొన దగ్గర కింద ఏమీ కనపడదు. సమ్మెట ఆనించి, మౌస్‌ని కిందికి, ఒక్క విసురు. గంగాళం లేస్తుంది. ఇన్ని గంటలుగా ప్రతి ఎగురుడు తర్వాతా వచ్చే ఆ లాగుడు కోసం చెయ్యి దానంతటదే బిగుసుకుంటుంది, ఎక్కడైనా తగిలించడానికి సమ్మెట తిప్పుతుంది. భూమి లాగదు. మనిషి పైకి వెళుతూనే ఉంటాడు.